గేటు మీద చేప

కొత్త గేటు మీద మా ఇంటి చిహ్నం ఒకటి ఉండాలనిపించి, ఈ రోజు కూర్చుని గీశాను. డాలు, పైన కిరీటం, మధ్యలో చేప. గోదావరి పక్క నుంచి బస్తరులోని ఈ కోంటకు వచ్చినవాళ్లం కదా మరి. గొప్పలు పోతున్నానేమో అని అనుమానం. ఇంటికొచ్చిన టీచరు సోమారికి చూపించాను, తను ఇక్కడి దోర్ల తెగ అమ్మాయి.

“బాగుందక్కా. అయితే ఇంక చేపలు బందేనా?”

“ఎందుకు?”

“మా ఇంటి గుర్తు తాబేలు, మేం ముట్టం. ఇంటి గుర్తును ఎవరన్నా కూర వండుకుంటరా?”

వంటింట్లో చేపల పులుసు దించుతున్న మా ఆయన పరుగున వచ్చి, రబ్బరుతో తోక నుంచి చెరిపేశారు.

మా ఇంట్లో ఎవరూ ముట్టనిది కాకరకాయ ఒక్కటే. ఇప్పుడు కిరీటం కింద అదే ఉంది, దర్జాగా. మీ ఇంట్లో ఎవరూ ముట్టనిదేమిటో చెప్పండి, మీ డాలూ గీసిపెడతాను.