దింపుకి దిగిన విమానం

మా చిన్న తోటికోడలు పోయిన నెల నిద్రలోనే కన్నుమూసింది. అంతకుముందు సాయంత్రం పొలంలో నిలబడి, పక్కవారి కొబ్బరిచెట్టు మొవ్వులో చిక్కుకున్న తన విమానాన్ని చూసి పగలబడి నవ్వింది.

“దింపుకి దిగుతుందిలెండి అక్కయ్యగారూ, కాయలతోపాటు!” అంది. కొబ్బరికాయలు కోసి దించడాన్ని మావైపు దింపంటారు.

మీరు నమ్మాలి, అది నిజంగా ఎగిరే విమానమే. బారెడు రెక్కలు, ముక్కున చిన్న ఫ్యాను, కడుపులో బ్యాటరీ. కింద నిలబడి రిమోట్‌తో నడపాలి.

ఆ సరదా మొదట ఆమె భర్తది, అంటే మా మరిదిది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక కిట్టు తెప్పించుకున్నాడు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక మా ఇంటి వెనక చేలు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఒకరు విమానాన్ని గాలికి ఎదురుగా విసరాలి, ఇంకొకరు రిమోట్ పట్టుకోవాలి. విసరడానికి భార్యను పిలిచేవాడు. కొన్నాళ్లు విసిరి, ఒకరోజు ఆమె చెయ్యి చాపింది.

“ఈసారి మీరు విసరండి. అదిలా ఇవ్వండి.”

“ఇది కూర కలపడం కాదే!”

“ఆయ్, కాదండి. కూరని నేనెప్పుడూ ఇన్నిసార్లు మట్టిలో పడెయ్యలేదు.”

మరిది రిమోట్ ఇచ్చి, విమానాన్ని విసిరాడు. విమానం చేను చివరి దాకా వెళ్లి, ఒంటి రెక్క మీద వాలి, గట్టు మీదున్న నా తల మీంచి రివ్వున తిరిగింది. “చూశారా వదినగారూ! మలుపు తిప్పేసిందండీ!” అని మరిది వరి కొయ్యకాళ్లలో గెంతాడు. తను తిప్పినా అంతలా గెంతడు.

నేను గట్టు మీద ఊరికే కూర్చునేదాన్ని కాదు. ఎనిమిది నిమిషాలకు బ్యాటరీ అయిపోతుంది. గడియారం చూసి ఆరో నిమిషాన “దించు” అనడం నా పని. ఒక్క చక్కరు ఎక్కువ తిప్పినా ఊరుకోను. “మా అక్కయ్యగారు కంట్రోల్ టవరండి” అని తోటికోడలు వచ్చినవారందరికీ చెప్పేది.

వచ్చినవారంటే మా వీధి ఆడవాళ్లే. మొదట చూడ్డానికొచ్చారు. భర్తలను వెంటబెట్టుకు రమ్మని పంపేసింది. ఆమె పెట్టిన నియమాలు రెండే: ఒకరు విసరాలి, ఒకరు నడపాలి, రెండోసారి చేతులు మారాలి. విమానం కూలితే ఎవరూ ఎవరినీ తిట్టకూడదు. “పడితే అతికించుకుందాం. ఎగరెయ్యకపోతే ఏం అతికించుకుంటాం?” అనేది. ఆకుల్లో చిక్కినా కనబడాలని తన పాత చీర ఎర్రంచు కత్తిరించి రెక్కలకు అంటించింది కూడా.

ఆమె పోయాక కొబ్బరిచెట్టు మొవ్వులో ఆ ఎరుపు మా పెరట్లోంచి రోజూ కనబడేది. మరిది అటు చూడ్డం మానేశాడు.

“ఇక ఎగరెయ్యనండి వదినగారూ. రిమోట్ ఎవరికైనా ఇచ్చేస్తాను.”

మొన్న పక్కవారు దింపు తీయించారు. చెట్టెక్కినతను గెలలు నరికి, విమానాన్ని మాత్రం తాడు కట్టి పసిబిడ్డలా దించాడు. ఒక రెక్క విరిగింది. ఎర్రంచు వెలిసింది. మరిది దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను జిగురు సీసా తెచ్చి పక్కన పెట్టాను.

“అతికిస్తే మాత్రం ఏం లాభమండి? విసిరేవాళ్లేరీ?”

“నేను లేనూ? కానీ రెండోసారి రిమోట్ నాకివ్వాలి.”

నెల తర్వాత మొదటిసారి నవ్వాడు.

మర్నాడు సాయంత్రం జిగురు ఆరాక, మరిది కొత్త బ్యాటరీ వేసి రిమోట్ పట్టుకున్నాడు. నేను పైట చెంగు బొడ్లో దోపి, చేతి గడియారం తీసి గట్టు మీద పెట్టి, ఆమె విసిరినట్టే గాలికి ఎదురుగా విసిరాను. నేలకు జానెడు దాకా దిగి, చివాలున లేచింది! అవతలి తోటలో ఇంకా దింపు సాగుతోంది. చెట్టు మొవ్వులోంచి, విమానాన్ని దించిన ఆ మనిషి కత్తి పైకెత్తి కేకేశాడు:

“అమ్మగారి ఇమానం వచ్చేసిందండోయ్!”

వెలిసిన ఎర్రంచుతో విమానం అతని తల చుట్టూ తిరిగి, ఎండలోకి మళ్లింది.