పక్క కుర్చీ ఎవరిది?

మా ఆయన విదేశాంగ శాఖ విందుల హాల్లో కుర్చీలు వేస్తారు. నవ్వకండి, అదీ ఉద్యోగమే. ఏ దేశం రాయబారి ఎవరి పక్కన కూర్చోవాలో పైవాళ్లు చెబుతారు, ఈయన కుర్చీ వేసి దాని ముందు బల్ల మీద ఆ దేశం జెండా పెడతారు. ఇంట్లో స్టూలు జరపమంటే మాత్రం నడుం నొప్పి.

ఈయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ దేశాధినేత పక్క కుర్చీ నది అవతలి దేశం రాయబారిదే. అంత స్నేహం మరి. ఆ స్నేహం పుణ్యమా అని వాళ్ల మనుషులు మనకు వంతెన కట్టడానికి వచ్చారు. ఆ పనికి సర్వేయరుగా వచ్చిన పిల్లనే మా అబ్బాయి చేసుకున్నాడు. నాతో పోట్లాడటానికే మన భాష నేర్చుకుందా అన్నట్టుంటుంది మా కోడలు. నాకు ప్రాణం.

ఎన్నికల్లో కొత్తాయన గెలిచాడు. పాత స్నేహితులు మనల్ని ముంచారన్నాడు, సముద్రం అవతలి దేశంతో చేతులు కలిపాడు. నది అవతలి వాళ్లకిక ఇక్కడ నివాస అనుమతి లేదన్నాడు. పంతానికి వాళ్లూ మనవాళ్లను రానివ్వమన్నారు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, మధ్యలో మేము. కోడలు కడుపుతో ఉంది. అది వెళ్లిపోతే వెంట వెళ్లడానికి మా వాడికి దారి లేదు.

హాలు అధికారి మంచివాడు. కాన్పయ్యేదాకా ఉండనివ్వమని పైకి సిఫారసు చేస్తానన్నాడు. మా ఆశంతా ఆ ఒక్క మాట మీదే పెట్టుకున్నాం.

ఇంతలో కొత్త స్నేహితులకు విందు వచ్చిపడింది. పక్క కుర్చీ వాళ్లది, పాతవాళ్లది చివరి వరుస. అధికారి చెప్పి విమానాశ్రయానికి పరిగెత్తాడు. ఈయన అన్నీ విని తలూపారు. చేతులు మాత్రం ఎప్పటి పనే చేసుకుపోయాయి, పాత జెండా తెచ్చి పాత చోటే పెట్టాయి. ముసలి రాయబారి వచ్చి హాయిగా అక్కడ కూర్చున్నాడు. కూర్చున్నవాణ్ణి లేవమనడం ఎవరి తరం? వచ్చిన కొత్త అతిథి కాసేపు నిలబడే ఉన్నాడట.

మర్నాడు అధికారి ఈయన్ని పిలిచి, ఎవరు చెబితే చేశారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు సార్ అన్నారు ఈయన.

“నేను నమ్ముతాను. పైవాళ్లు నమ్మరండీ. కోడలి కోసమే వేశాడంటున్నారు. ఇప్పుడు నేను సిఫారసు చేస్తే, ఇద్దరం కూడబలుక్కున్నామంటారు.”

అది విని నాకు ఒళ్లు మండింది. ఈయన్ని చెడామడా తిట్టాను, ఆ పైవాళ్లను అంతకన్నా ఎక్కువ తిట్టాను. కుట్రట! ఉప్పు డబ్బాలో పంచదార పోసే మనిషి రాజ్యాల మధ్య కుట్ర చేస్తాడా? ఈయన తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు. కోడలే వచ్చి అన్నం పెట్టి, పోనీలెండి మామయ్యా, మా ముసలాయన్ని ఆ పూటైనా మర్యాదగా కూర్చోబెట్టారు అంది. అప్పుడు ఏడ్చారు.

సరిహద్దు గేటు దాకా అందరం వెళ్లాం. మా వాడు సంచీ కాపలావాడి చేతికిచ్చి, గేటు పట్టుకుని నిలబడిపోయాడు. కోడలు నా దగ్గరికొచ్చింది.

“అత్తయ్యా, మళ్లీ ఎన్నికలెప్పుడు?”

నాలుగేళ్లకని చెప్పాను.

“అయితే బిడ్డను ఎత్తుకునే పని లేదు లెండి. నడుచుకుంటూనే వస్తుంది మీ దగ్గరికి.”