మా సీరియల్‌లో దొరకని వారం

ఉదయగిరిలో మా ఇంట్లో పుస్తకమంటే కొన్నది కాదు, కుట్టింది. వారపత్రిక చదవడం అయ్యాక అమ్మ సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి దాచేది. కథ ముగిశాక వరసగా పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టి, పాత కేలండరు కాగితం అట్ట వేసేది. అలాంటివి ట్రంకుపెట్టె నిండా ఉండేవి. వేసవి మధ్యాహ్నాలు నేనూ చెల్లీ వాటికోసం జుట్లు పట్టుకునేవాళ్లం. అబ్బ, ఏం రోజులవి!

వాటిలో ఒకదానికి ఒక వారం లేదు. ఆ వారం వాగు పొంగి ఆత్మకూరు నుంచి బస్సు రాలేదు, బస్టాండు బంకుకు పత్రికా రాలేదు. అంతకుముందు వారమే కథలో చిన్నపిల్ల రాజమండ్రి తిరునాళ్లలో తప్పిపోయింది. ఆ తర్వాత వచ్చిన సంచికలో చూస్తే, ఇంట్లో కూర్చుని జడ వేయించుకుంటోంది! మధ్యలో ఏమైందో తెలియక మేమిద్దరం అన్నం మానేసి ఏడ్చాం. అమ్మ బయటికి వెళ్లొచ్చి, పక్కవీధి టీచరమ్మ దగ్గర ఆ సంచిక ఉందని, చదివొచ్చానని చెప్పి మమ్మల్ని కూర్చోబెట్టుకుంది. మర్రిపాడు లారీ డ్రైవరు ఒకాయన ఆ పిల్లను ఎక్కించుకుని, దారిలో బన్ను కొనిపెట్టి, ఇంటి ముందు దించాడట. విన్నాక ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఇప్పుడు అమ్మ ఆత్మకూరులో నా దగ్గరే ఉంటుంది. కంటి వెనక పొర దెబ్బతిని, ఆరేళ్లుగా అచ్చక్షరం ఆనడం లేదు. భూతద్దం కొనిస్తే విసిరికొట్టింది. “సదివింది చాల్లే” అని గోడవైపు చూస్తూ కూర్చునేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? చూపు బాగానే ఉండి కూడా, ఫోను చేతికొచ్చాక ఒక్క పుస్తకం పూర్తి చేసి ఎరగను.

అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని విని, అమ్మకోసం ఈ-రీడర్ కొన్నాను. ఆమె ముట్టుకోను కూడా లేదు.

“ఏంది మే ఇది, పలకా? ఈ వయసులో నా చేత ఓనమాలు దిద్దిస్తావా?”

“ఒక్కసారి చూడు మా.”

“నాకొద్దు. నువ్వే సదువుకో.”

అది బెట్టు కాదు, భయం. అంత పెద్ద అక్షరాలు కూడా కనపడకపోతే ఇక చదువు పూర్తిగా పోయినట్టేనని ఆమెకు తెలుసు. బలవంతపెట్టడానికి నాకు నోరు రాలేదు.

ఊరికే పడి ఉండడమెందుకని నేనే మొదలుపెట్టాను. వెతికితే ఆ పాత సీరియల్ నవలగా దొరికింది. ఆదివారం పొద్దున కూర్చున్నదాన్ని మధ్యాహ్నం దాకా లేవలేదు. ఫోను ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది. మాడితే మాడింది! ఇన్నేళ్లకు మళ్లీ అలా చదవగలిగినందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను. చదువుతూ చదువుతూ ఆ దొరకని వారం దగ్గరికి వచ్చేశాను. చూద్దును కదా, లారీ లేదు, బన్నూ లేదు. పూజారి ఒకాయన పిల్లను ఇంటికి చేర్చాడని రెండు ముక్కల్లో తేల్చేశారు. అవును మరి, రాజమండ్రిలో మా ఉదయగిరి పక్కనున్న మర్రిపాడు లారీకి ఏం పని? ఇంతకాలం నాకు తట్టనే లేదు.

“మా! ఇందులో లారీ లేదే!”

అమ్మ గోడమీంచి చూపు తిప్పి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మీరు కూడు తినకుండా ఏడస్తా ఉంటే ఏం చేసేది మే? నోటికొచ్చింది చెప్పినాను.”

“నలభై ఏళ్లు నమ్మించినావు కదా!”

“సరేలే. ఆ రాసినాయన ఎట్ట రాసినాడు?”

“పూజారి తీసుకొచ్చినాడంట. రెండే ముక్కలు.”

“పసిబిడ్డ తప్పిపోతే రెండు ముక్కలేంది? ఇటియ్యి. నువ్వు సరిగ్గా సదివినట్టు లేదు.”

అక్షరాలు వీలైనంత పెద్దవి చేసి ఇచ్చాను. అమ్మ దాన్ని ముఖానికి దగ్గరగా, కాస్త పక్కకు వంచి పట్టుకుంది. చాలాసేపు పెదవులు కదల్లేదు. తర్వాత మెల్లగా కదిలాయి. పేజీ చివరికి వచ్చాక, అలవాటు చొప్పున వేలు నాలుకకు అద్దుకుని తెర మూల మీద రుద్దింది. పేజీ తిరిగింది. తడి తగలకూడదని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

కథలో పిల్ల ఇల్లు చేరి ఎంతోసేపయినా అమ్మ ఆపలేదు. అన్నానికి పిలిచాను, పలకలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను.

“పో మే, నసపెట్టబాక. సదవతా ఉంటే కనపళ్ళా?” అంది తలెత్తకుండా.

వంటింట్లోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను.