కోడికూరకూ శనగలకూ మధ్య అమ్మ

మోకాలి ఆపరేషన్ అయిన మూడు వారాలకు డాక్టరు అమ్మ తొడ నొక్కి చూసి, కండ కరిగిపోతోందన్నాడు. ప్రొటీన్ సరిగా అందకపోతే వాకర్ వదిలి నడవడం కష్టమన్నాడు. ఖాజాగూడలోని మా ఫ్లాట్‌లో గొడవ మొదలవడానికి ఆ ఒక్క మాట చాలింది.

నాది మాంసం పక్షం. కోడీ గుడ్డూ లేకుండా కండ ఎక్కడినుంచి వస్తుందని నా వాదన. మా ఆవిడది కాకినాడ వైపు. రెండేళ్లుగా మాంసం మానేసింది. శనగలు, పెసలు, సోయా చాలునని, గుండెకు కూడా అవే మంచివని ఆమె పట్టుదల. ఇద్దరం సాఫ్ట్‌వేర్‌వాళ్లమే కాబట్టి పోట్లాటను ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించాం. ఎవరు వండారు, పళ్లెంలో ఎంత పెట్టారు, అందులో ప్రొటీన్ ఎన్ని గ్రాములు. ఆఫీసులో మీటింగ్ నడుస్తుండగానే ఆ షీట్ తెరిచి ఒకరి లెక్కలో ఒకరం తప్పులు పట్టేవాళ్లం. తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండు వారాలు గడిచాయి. షీట్ ప్రకారం అమ్మ పహిల్వాన్ కావాలి. డాక్టరేమో కాలు ఇంకా సన్నబడిందన్నాడు. కారులో నేను శనగలను తిట్టాను. "మీ నాటుకోడి ఆవిడకి అరగడం లేదేమోనండి," అంది మా ఆవిడ. వెనక సీట్లో అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పనిమనిషి రాలేదు. అమ్మ తిన్న పళ్లెం నేనే తీశాను. కరివేపాకు కింద నమిలి వదిలేసిన కోడిముక్కలు, వాటి పక్కనే చెక్కుచెదరని శనగలు. చారన్నం మాత్రమే తిన్నట్టుంది. కోపం ఆపుకోలేక, ఇంత కష్టపడి వండితే ఎందుకు పారేస్తున్నావని అమ్మను నిలదీశాను.

అమ్మ నోట్లోంచి పళ్ల సెట్టు తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆపరేషన్ తర్వాత చిక్కిపోవడంతో అది వదులై రాసుకుంటోంది. కింది చిగురు మీద ఎర్రటి పుండు. ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"మీ ఇద్దరి కొట్లాట నడుమ నా పండ్ల ముచ్చట ఎవరింటరు?" అంది. తర్వాత నర్సు ఉద్యోగం నాటి గొంతుతో మెల్లగా చెప్పింది. "ముప్పై ఏండ్లు దవాఖానల పని చేసిన, బిడ్డా. పేషెంటు తింటలేడంటే ముందుగాల నోరు తెరిపిచ్చి చూసేదాన్ని."

మా ఆవిడ పెసరపప్పు మెత్తగా ఉడికించింది. నేను అందులో గుడ్డు కొట్టి కలిపాను. ఎవరిది ఎన్ని గ్రాములన్న మాట ఇద్దరం ఎత్తలేదు. అమ్మ గిన్నె ఖాళీ చేసేదాకా చెరో పక్కన కూర్చుని ఆమె నోటివంకే చూస్తూ ఉన్నాం.