రబ్బరు కట్టు కింది తెలుపు

దయ్యాలు ఉన్నాయన్న పక్షాన మాట్లాడమని కాలేజీ చర్చాపోటీలో ఒకసారి నాకు చీటీ వచ్చింది. నమ్మని మాటను వాదించలేనని చెప్పి వేదిక దిగిపోయాను. ఇది రాస్తున్న ఈ రోజుకు కూడా నా పక్షం మారలేదు. చూసినదాన్ని సాక్ష్యంగా మీ ముందు పెడుతున్నాను. తీర్పు చెప్పడం మాత్రం నా వల్ల కావడం లేదు.

మాది పోచంపల్లి దగ్గరి చేనేత ఊరు. నాన్న చాలా ఏళ్ల కిందటే మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. ఆయన అన్న, అంటే మా పెదనాన్న, ఊళ్లోనే ఉండి చివరిదాకా చిటికి కట్టాడు. నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీని బిగించి చుట్టడమే చిటికి. తర్వాత కట్టు విప్పితే దాని కింద నూలు తెల్లగా మిగులుతుంది. పెదనాన్నది ఎడమచేతి వాటం. ఆయన చుట్లు అందరి చుట్లకూ ఎదురు దిశలో తిరుగుతాయి. ముడి ఉండదు. కొసను చివరి చుట్టు కింద దూర్చి వదిలేస్తాడు.

మేము ఊరికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడల్లా ఆయన సైకిలెక్కి, మా బండికి ముందుగా తారురోడ్డు దాకా వచ్చి సాగనంపేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆయన చనిపోయాడు. అప్పటికే నాన్న కిడ్నీలు పాడై, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దవాఖానలో డయాలిసిస్ నడుస్తోంది. అన్న దినాల కోసం ఆయన ఒక విడత మానుకున్నాడు. మరొకటి తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. దినాలు ముగిసిన మరునాడు సాయంత్రంలోగా నాన్న దవాఖానలో ఉండాలి. సరిగ్గా ఆ ఉదయమే హైవే దిగ్బంధం మొదలైంది.

నేను తెలంగాణ కావాలని రోడ్డెక్కి నినాదాలు ఇచ్చినదాన్ని. రోగి ఉన్న బండిని మావాళ్లు ఆపరని నాకు తెలుసు. అయితే ఆగిపోయిన లారీల మధ్య సైకిలు దూరే సందు కూడా లేదు. దారి ఇవ్వాలన్న మనసు ఉన్నవాళ్లకు సైతం ఇవ్వడానికి దారి లేకుండా పోయింది.

మా అక్క భర్త సత్తి బావ ఎల్బీనగర్‌లో జీపు నడుపుతాడు. దినాలకు ఆ జీపులోనే వచ్చాడు. గుట్టల మధ్య బండ్ల బాటలు పట్టుకుని పోతే పెద్ద అంబర్‌పేట్ దగ్గర తేలవచ్చని ఆయన అన్నాడు. సరేనన్నాను గానీ, సిద్ధం కాకుండా కదలనివ్వలేదు. ఏ దిక్కుగా పోతున్నామో, ఎప్పటిదాకా ఫోను రాకపోతే మనుషులను పంపాలో అక్కకు చెప్పాను. స్టెప్నీలో గాలి చూపించాను. రేడియేటరు కోసం నీళ్ల డబ్బాలు, లాగడానికి మోకు, మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి ఒక చెక్క జీపులో వేయించాను. దినాలకు కొన్న తెల్ల తానులో మిగిలిన గుడ్డను పట్టీలుగా చింపుకున్నాను. బాట చీలిన ప్రతిచోటా మేము పట్టిన దారి మొదట్లో ఒక పట్టీ కట్టాలని నా ఆలోచన.

"మేడమ్, మనం పొయ్యేది పెద్ద అంబర్‌పేటకా, హిమాలయాలకా?" అన్నాడు బావ.

"గా బాటల నువ్వెన్నడన్న పోయినవా బావా?"

"చిన్నప్పుడు గొర్లెంబడి పోయిన."

"గొర్లకు టైర్లు పంచరైతయా?"

బావ నవ్వి, మోకును తానే సీటు కిందికి తోశాడు.

చావు జరిగిన ఇంటి నుంచి కదిలేటప్పుడు మావైపు పోయొస్తామని చెప్పరు. ఆ ఇంటివాళ్లు గడప దాటి సాగనంపరు. పెద్దమ్మ లోపలే కూర్చుండిపోయింది. కారణం చెప్పలేని ఆచారానికి తల వంచకూడదన్నది నా నియమం. వసారాలో పెదనాన్న చిటికి కట్టే చెక్క చట్రం వైపు తిరిగి, "పోయొస్తం పెద్దనాయినా. జర తొవ్వదాక రా," అని పైకే అన్నాను.

నాన్న ముఖం పాలిపోయింది. "గట్ల పిలువొద్దు బిడ్డా," అన్నాడు.

ఊరు దాటాక అంతా ఎర్ర మొరం బాట. జీపు కదిలితే వెనక ఏమీ కనిపించనంత దుమ్ము. బాట చీలినచోటల్లా దిగి, కొమ్మకు పట్టీ కట్టి, మళ్లీ ఎక్కేదాన్ని. ఫోనులో సిగ్నలు ఎప్పుడో పోయింది.

బాట మూడుగా చీలినచోట బావ నడిమి దారి ఎంచుకున్నాడు. దాని మొదట్లో ఉన్న రేగుకొమ్మకు పట్టీ కట్టాను. తర్వాత చాలా దూరం పోయాం. ఒక మలుపు తిరగగానే బావ గట్టిగా బ్రేకు వేశాడు. ముందు బాట లేదు. కొత్తగా తవ్విన క్వారీ గుంత నోరు తెరుచుకుని ఉంది. పనివాళ్లు లేరు. బందు కదా.

అప్పటికే నాన్న ఆయాసపడుతున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. "ఒక్క గుటికెడు నీళ్లు పొయ్యి బిడ్డా," అని అడుగుతూనే ఉన్నాడు. ఆ స్థితిలో తాగిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాళ్ల దగ్గర నిండు డబ్బాలు పెట్టుకుని, తడిగుడ్డతో పెదవులు అద్దడం తప్ప నేను ఏమీ చేయలేకపోయాను. నా ముందుజాగ్రత్తలన్నీ బండిని కాపాడేవే. మనిషిని కాపాడేది వాటిలో ఒక్కటీ లేదు.

వెనక్కి తిరిగి మూడు దారుల దగ్గరికి వచ్చాం. కుడివైపా, ఎడమవైపా? బావ స్టీరింగుమీద తల వాల్చాడు. "ఇంకోసారి తప్పితే మామ దక్కడు మరదలా," అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు.

తప్పుదారికి కట్టిన గుర్తు మరొకరిని మోసం చేయకూడదని పట్టీ విప్పడానికి దిగాను. గుడ్డ ఎర్రటి దుమ్ముతో నిండి ఉంది. కిందికి వేలాడే దాని కొసకు నల్లటి రబ్బరు బిగించి చుట్టి ఉంది. ముడి లేదు. కొస చివరి చుట్టు కింద దూరి ఉంది.

తల ఎత్తి చూశాను. ఎడమ బాట మొదట్లో ఉన్న తంగేడు కొమ్మకూ అలాంటి రబ్బరే చుట్టి ఉంది.

పట్టీని తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఆయన కట్టును బొటనవేలితో తడిమి, చుట్లు ఏ వైపు తిరిగాయో చూసుకున్నాడు. తర్వాత, "ఎడమకు పోనియ్యి అల్లుడా," అన్నాడు.

"ఎవడో గొర్లకాడు కట్టిండేమో మామా."

"ఎవడు కట్టిండో నాకెరుకే. పోనియ్యి."

తర్వాత బాట చీలిన ప్రతిచోటా నల్ల కట్టు కనిపించింది. తారురోడ్డు ఎక్కినచోట చివరిది ఉంది. ఆ పైన ఎక్కడా లేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డుమీదే వంటావార్పు నడుస్తోంది. నేను కిందికి దిగి అరవకముందే ఒకాయన నాన్నను చూసి, "పేషెంటున్నడు, పొయ్యి జరుపుండ్రి!" అని కేక వేశాడు. ఉడుకుతున్న అన్నం గిన్నెను ఇద్దరు ఎత్తి పక్కన పెట్టారు. పొద్దు గూకకముందే నాన్నను మిషను మీదికి ఎక్కించారు. బతికాడు.

మంచంమీద తేరుకున్నాక పట్టీ ఏదని నాన్న అడిగాడు. రబ్బరు కొస పట్టుకుని లాగాడు. చుట్లు ఎడమచేతి వాటంగా ఊడి వచ్చాయి. వాటి కింద గుడ్డ మల్లెపూవులా తెల్లగా ఉంది.

ఆ పట్టీమీద దుమ్ము పడింది మా జీపు దాన్ని దాటినప్పుడు. ఆ తర్వాత ఎవరైనా రబ్బరు చుట్టి ఉంటే కింద కూడా ఎరుపు ఉండాలి. తెల్లగా ఉందంటే, నేను కట్టాక, జీపు కదలకముందే ఎవరో చుట్టి ఉండాలి. ఆ కొద్ది క్షణాల్లో అక్కడ ఉన్నది నేను, స్టీరింగు దగ్గర బావ, లేవలేని నాన్న.

ఎదుటిపక్షం వాదాలన్నీ నేనే వేసుకున్నాను. రబ్బరు ఒరుసుకుని దుమ్ము తుడుచుకుపోయిందా? అదే తాను గుడ్డకు మొరం దుమ్ము పట్టించి, డాబామీద చాలాసార్లు చుట్టి విప్పాను. ఒక్కసారి కూడా తెలుపు రాలేదు. మిగతా కొమ్మల కట్లు పెదనాన్న బతికున్నప్పుడు కట్టినవేనా? కావచ్చు. కానీ నా గుడ్డను నేను ఆ ఉదయమే చింపాను. నేనే చుట్టి మరిచిపోయానా? చిటికి నాకు రాదు. నాన్న నేర్పాక ఇప్పుడు కట్టగలను గానీ, నా చుట్లు కుడివైపుకే తిరుగుతాయి.

నాన్నకు ఈ వాదాలతో పని లేదు. "నువ్వు పిలిస్తివి, తొవ్వదాక వచ్చిండు," అంటాడు. నేను ఒప్పుకోను. కాదనడానికి నా దగ్గర వాదమూ లేదు. ఆ రబ్బరు ఎండి పొడిపొడిగా రాలిపోయింది. పట్టీ మాత్రం నా దగ్గరే ఉంది. మొరం ఎరుపు నడుమ ఆ తెలుపు ఇంకా అలాగే ఉంది.