చుట్టు పూర్తయ్యేదాకా

మానిటర్ వేడెక్కినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసన మా కంట్రోల్ రూమంతా పట్టేసింది. తెరమీద మేం మొదటిసారి ఫోర్‌కే స్పష్టతతో ప్రసారం చేసిన పోయినేటి బతుకమ్మ. పేర్చిన గునుగు పూలకు రంగు ఎక్కడ సరిగ్గా అంటలేదో కూడా తెలిసిపోతోంది. నాకు యాదగిరి సార్ గుర్తొచ్చారు. వరంగల్‌లో మా చిన్న కేబుల్ ఛానల్ పెట్టిందీ, నాకు కెమెరా పట్టడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు కాజీపేటలో హాయిగా ఇంటిపట్టున ఉంటున్నారు.

మా ఛానల్‌ని వార్తల కోసం పెట్టేవాళ్లు తక్కువ. తమను తాము చూసుకోవడానికే పెట్టేవాళ్లు. బతుకమ్మనాడు మరీనూ. ఆడవాళ్లు లోపలివైపు తిరిగి చప్పట్లు కొడుతూ చుట్టు తిరుగుతారు కదా, బయట నిలబెట్టిన కెమెరాకు దగ్గరివాళ్ల వీపులూ, అవతలివాళ్ల మసక ముఖాలూ తప్ప ఏమీ దక్కేవి కావు. అందుకని సార్ నన్ను కెమెరాతో సహా మధ్యలోకి పంపేవారు. ఎవరినీ వదలకుండా ఒక్కో ముఖం మీదుగా చుట్టంతా తిప్పుకు రావాలి. పెద్దింటి ఆడవాళ్లను కాస్త ఎక్కువసేపు చూపించమని ఎవరో ఒకరు చెవిలో ఊదేవారు. వాళ్లు కూడా చుట్టులో వస్తారుగా అని సార్ నవ్వేసేవారు. కొత్తవాడలో మగ్గం నేసే మా అమ్మ, మర్నాటి పునఃప్రసారం కోసం పనులన్నీ ముందే తెముల్చుకుని కూర్చునేది. తెరమీద కనిపించిన ఆ ఒక్క క్షణం గురించి ఏడాదంతా చెప్పేది. సార్ అంటే నాకు ప్రాణం అందుకే.

పోయినేడు కొత్త కెమెరాలొచ్చాయి. ఎత్తున ఒకటి పెడితే అందరూ కనిపిస్తారు, కాసేపు చూపించి వేదిక మీది అతిథుల దగ్గరికి వెళ్లిపోదామన్నాడు మా ప్రొడ్యూసర్ ప్రణయ్. అమ్మలాంటివాళ్లు ఇక గుంపులో కలిసిపోతారని నాకు దిగులు పట్టుకుంది. సార్‌ని పిలిపించి ట్రయల్ బొమ్మ చూపించాను. ఆయనా నాలాగే బాధపడతారనుకున్నాను. కుర్చీ ముందుకు జరుపుకుని మురిసిపోయారు.

"ఎనుకున్నోళ్ల మొఖాలు సుత సాఫ్ కనవడ్తానయి బిడ్డా. ఎన్నేండ్ల సంది నేను అనుకున్న బొమ్మ ఇదే."

మరి సార్, ఇక మధ్యలోకి వెళ్లి తిరగక్కర్లేదంటున్నారు వీళ్లు, అన్నాను.

"తిరుగుడు ఎందుకు? తిరిగేటోళ్లు వాళ్లేనాయె. అందరు ఎదురుంగ వచ్చేదాంక నువ్వు జర ఆగాలె, గంతే."

సద్దుల బతుకమ్మ రోజు ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మార్చే స్విచర్ దగ్గర నేనే కూర్చున్నాను. అతిథులు వేదిక ఎక్కారు. కట్ చేయమని ప్రణయ్ ఒకటే తొందర. నేను బటన్ జోలికి పోలేదు. చుట్టు నెమ్మదిగా తిరిగి మా అమ్మ ఎదురుకు వచ్చింది. జుట్టులో చిక్కుకున్న నూలుపోగుతో సహా కనిపించింది. నా కళ్లు నిండాయి. అయినా అమ్మ వెనక ఇంకా చాలామంది ఉన్నారు. ప్రణయ్ విసిగిపోయి కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడు ఇంట్లో టీవీ ముందున్న సార్ ఫోన్ చేశారు.

"ఆఖరామె సుత వచ్చింది. ఇగ పెద్దోళ్ల దగ్గరికి పో బిడ్డా."

ముందు ముందు ఎయిట్‌కే వస్తుందంటున్నారు. రానీ. కొత్తగా చేరినవాళ్లకు నేను మొట్టమొదట నేర్పేది బటన్ మీద నుంచి వేలు తీసి కూర్చోవడం.