ముప్పై సెకన్ల ఉద్యోగం

మొన్న మా మేనల్లుడు తన పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి, పాటలు వినడానికి పనికొస్తుందని నా గదిలో పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక దాన్ని తెరిచానో లేదో, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు వరుసలు వచ్చి నిలబడ్డాయి. ఏ సిస్టంలోకి వెళ్తావో ఎంచుకోమని అడుగుతూ, పక్కన సెకన్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. నేనింకా చదవనే లేదు, నా వేలు దానంతటదే కింది బాణం మీట మీదికి పోయింది. నొక్కాక నాకే నవ్వొచ్చింది. పాతికేళ్ళ కిందట ఆత్మకూరులో మా ఇంటిల్లిపాదినీ ఆడించిన మెనూ అలాంటిదే. ఫ్లాపీలను చీరకొంగుతో తుడిచి, కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిన నా ఈడువాళ్ళు మీలో చాలామంది ఉంటారు గనక, ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

మా మేనమామకు ఆత్మకూరులో చిన్న ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి శుభలేఖలు, కరపత్రాలు వేసేవాడు. తొంభైల చివర్లో, నెల్లూరులో ఎవరో ఆఫీసు మూసేస్తుంటే వాళ్ళ పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అప్పటికి నేను నెల్లూరులోనే ఆరు నెలలు డి.టి.పి. నేర్చుకుని, ఉదయగిరిలో మా ఇంట్లో కొండను చూస్తూ కూర్చుని ఉన్నాను. మా నాయన బడిపంతులు. ఆడపిల్లను వేరే ఊరికి పనికి పంపడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు గాని, మామ ఇల్లే గదా, అవ్వ కళ్ళ ముందే ఉంటుంది గదా అని మా అమ్మ పోరితే సరేనన్నాడు. అవ్వంటే మా అమ్మమ్మ, మామ వాళ్ళమ్మ. ఉదయగిరిలో బస్సెక్కిన ఆ రోజు నాకున్న సంతోషం మళ్ళీ పెళ్ళినాడు కూడా లేదు, ఈ మాట మా ఆయన వినకుండా చెప్తున్నాను.

తీరా వెళ్తే ఆ కంప్యూటర్‌లో రెండు సిస్టంలు ఉన్నాయి. ఒకటి పాత ఆఫీసువాళ్ళది, తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలిసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. రెండోది విండోస్ తొంభై ఎనిమిది. మా తెలుగు అక్షరాలూ మా పనంతా అందులోనే. స్విచ్చి వేయగానే మెనూ వచ్చి ముప్పై సెకన్లు ఆగేది. ఆలోగా ఎవరైనా కింది బాణం నొక్కి ఎంటర్ కొడితే మా తెలుగు వచ్చేది. కొట్టకపోతే నేరుగా ఆఫీసువాళ్ళ తాళం దగ్గరికి పోయి కూర్చునేది, మళ్ళీ ఆపి మొదటికి రావాల్సిందే. ఆ రోజుల్లో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు, పూటకు నాలుగుసార్లు పోయి వచ్చేది. వచ్చినప్పుడల్లా కంప్యూటర్ దానంతటదే లేచేది గనక, నేను ఏ గదిలో ఉన్నా చేతిలో పని పడేసి పరిగెత్తేదాన్ని.

నా పరుగు చూసి జాలిపడి ఆ పని అవ్వ తన మీద వేసుకుంది. అవ్వ ఊరు సోమశిల డ్యాం ముంపులో పోయింది. పొలం, గేదెల కొట్టం, దొడ్డి చిక్కుడు పాదుతో సహా నీళ్ళ కిందికి పోయాక మామ ఇంటికి వచ్చి చేరింది. బతుకంతా తెల్లారకముందే లేచి పనిచేసిన మనిషికి ఆత్మకూరులో చేయడానికేమీ లేదు, కోడలు చెయ్యనిచ్చేది కాదు. అవ్వకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పెద్దక్షరాల తెలుగు బైబిలు మాత్రం వేలు పెట్టి చదువుకునేది. ఆమె లెక్కలో మెనూలో పై వరుస పరాయోడు, కింది వరుస మనోడు. కరెంటు రాగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, బాణం నొక్కి, ఎంటర్ కొట్టి, మనోడు లేచేదాకా కదిలేది కాదు. లేచాక, “లేచినాడు, రా మే” అని కేకేసేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కబుర్లకు పిలిస్తే, “కరెంటొచ్చే టయిం, నాకు కుదర్దు” అనేది గొప్పగా.

ఇలా ఉండగా ఉదయగిరి చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు పాటల పుస్తకం వేసే పని వచ్చింది. నేను పేజీలు తయారుచేసి ఇస్తే నెల్లూరులో అచ్చవుతుంది. మా అమ్మతో సహా నన్నెరిగిన ఆడవాళ్ళంతా ఆ పుస్తకం చేతబట్టుకుని పాడతారని నేను పొంగిపోతూ ఎనభై పాటలు టైపు చేశాను. ఒక ఆదివారం నేనూ అవ్వా సంగం ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. ఆ రోజే చర్చి పెద్దలు ఇద్దరు పేజీలు చూసుకుందామని వచ్చారు. మామ స్విచ్చి వేయడం, వాళ్ళతో మాటల్లో పడి ముప్పై సెకన్లు దాటబెట్టడం, మళ్ళీ ఆపడం, ఇలా నాలుగుసార్లయ్యేసరికి వాళ్ళు తమలో తాము నవ్వుకుని వెళ్ళిపోయారట. సాయంత్రం మేం ఇంట్లో అడుగుపెట్టేసరికి మామ మొహం మాడ్చుకుని ఉన్నాడు.

“ఇదేంది పాపా, నా షాపులో నా మిషను నా మాట ఇనకపోతే ఎట్టా? ఈ పుస్తకం అయిపోనీ, దీన్ని ఎవరికన్నా ఇచ్చేస్తా. నువ్వు మీ నాయన దగ్గిరికి పో” అన్నాడు.

ఉదయగిరికి తిరిగి వెళ్తే నాయన ఇక గడప దాటనివ్వడు. మర్నాడే ఎస్.టి.డి. బూత్‌కు పోయి, నెల్లూరులో నాకు పాఠం చెప్పిన మాస్టారిని పట్టుకున్నాను. మెనూలో వచ్చే పేర్లు ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటాయని, అది కనబడకుండా దాక్కుని ఉంటుందని, దాన్ని బయటికి తీసి అక్కర్లేని పేరు కొట్టేస్తే చాలని ఆయన చెప్పినదంతా పాడైన శుభలేఖ వెనక రాసుకొచ్చాను. ఫైలు తెరిచాను గాని మామ చెయ్యి వేయనివ్వలేదు. ఆయన ప్రెస్సులో ప్రూఫు తీయకుండా ఒక్క అక్షరం కూడా కదపకూడదు, అది వాళ్ళ గురువు పెట్టిన నియమమట. “సీసమైతే ఏంది, కంప్యూటరైతే ఏంది, ముందు ప్రూఫు తియ్యి” అన్నాడు. ఐదు లైన్ల ఫైలుకు ప్రూఫేమిటని విసుక్కుంటూనే కాగితం మీదికి తీసి, ఆయన ప్రూఫులు గుచ్చే ఇనుప చువ్వకు గుచ్చాను.

పరాయోడి పేరు కొట్టేసి మళ్ళీ ఆన్ చేశాను. గరికలాగా మళ్ళీ మొలిచాడు, పైగా పేరు పక్కన కొత్తగా ఒక తోక కూడా తగిలించుకుని వచ్చాడు. నాకు తిక్క రేగింది. అసలా ఫైలే లేకపోతే మెనూ ఎక్కడిదని, మాస్టారు చెప్పని తెలివి ఒకటి ఉపయోగించి మొత్తం ఫైలు తుడిచేశాను. నిజంగానే మెనూ పోయింది. ముప్పై సెకన్లు కూడా ఆగకుండా కంప్యూటర్ తిన్నగా పాస్‌వర్డ్ దగ్గరికి పోయి నిలబడింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. నా ఎనభై పాటలూ ఆ తాళం వెనకే ఉండిపోయాయి, పేజీలు నెల్లూరు పంపడానికి నాలుగు రోజులే ఉంది. కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. అవ్వ వచ్చి నా వీపు నిమురుతూ, “ఏడవబాకే, ఊరే పోతే బతికినాం, ఇదెంత” అంది.

మామ తిడతాడనుకున్నాను. ఆయన చువ్వకున్న ప్రూఫు తీసి నా ముందు పెట్టి, కళ్ళజోడు సవరించుకుని తను కూడా పక్కన కూర్చున్నాడు. కోర్సులో ఇచ్చిన ఫ్లాపీతో కంప్యూటర్ లేపి, ప్రూఫు చూస్తూ ఆ ఐదు లైన్లూ తిరిగి రాయసాగాను. ముప్పై ఏళ్ళుగా తప్పులు పట్టిన కన్ను మామది; భాష తెలియకపోయినా అక్షరాల పోలిక తెలుసు. కింద పరాయోడి పేరున్న లైను మీద వేలు పెట్టి, “ఇదే లైను పైన గూడా ఉండాది చూడు. నువ్వు కింద కొట్టేసి పైన వదిలిపెట్టినావు” అన్నాడు. మొదట ఎవర్ని లేపాలో చెప్పే లైను అది. కింది పేరు మళ్ళీ కొట్టేసి, ఆ పై లైనులో పరాయోడి బదులు మనోణ్ణి పెట్టాను. ఈసారి మెనూ లేదు, పాస్‌వర్డూ లేదు. కంప్యూటర్ నేరుగా మా తెలుగులోకి వచ్చి వాలింది. పాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మామ కుర్రాడిలా చప్పట్లు కొట్టి, ఎదురు హోటలు నుంచి బజ్జీలు తెప్పించాడు. పుస్తకం అనుకున్న రోజుకే వెళ్ళింది, నన్ను ఉదయగిరి పొమ్మన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.

ఆ మర్నాడు కరెంటు పోయి వచ్చింది. అవ్వ మామూలుగా చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి మనోడు అప్పటికే లేచి ఉన్నాడు. అయినా బాణం నొక్కి చూసి, “ఈడు నన్ను అడగలేదే” అంది. ఇక ఎవరినీ అడగడవ్వా, ఎవరూ కాచుకుని ఉండక్కర్లేదని నేను నా గొప్పంతా చెప్పుకున్నాను. “మంచిదే లే” అని లేచి పెరట్లోకి పోయింది. తర్వాత నాలుగు రోజులు కరెంటు ఎన్నిసార్లు వచ్చినా అవ్వ ఆ గదివైపు రాలేదు. పెరట్లో గోడకానుకుని ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమెను చూస్తే, నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నేను ఎవరి ఉద్యోగం తీసేశానో తెలిసింది. సిగ్గేసింది.

ఐదోనాడు ఎవరూ చెప్పకుండానే ప్రూఫు తీసుకుని, మళ్ళీ ఆ ఫైలు తెరిచాను. పాత పేరుతోనే పైన ఒక వరుస చేర్చాను. కాని ఆ వరుస కూడా మా తెలుగుకే దారితీసేట్టు రాశాను. పైది నొక్కినా, కిందిది నొక్కినా, అసలేమీ నొక్కకపోయినా వచ్చేది మనోడే. ముప్పై సెకన్లు మాత్రం మునుపటిలాగే ఆగుతుంది. పెరట్లోకి పోయి, “అవ్వా, పరాయోడు మళ్ళా వచ్చినాడు. నువ్వే చూసుకోవాల” అన్నాను. “నేను ముందే అనుకున్నా” అంటూ, నా తెలివిని తిట్టుకుంటూ, కొంగు బిగించి వచ్చి కూర్చుంది.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం నేను పోస్టాఫీసు నుంచి తిరిగి వస్తుంటే కరెంటు వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే అవ్వ మెనూ ముందు కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. సెకన్లు అయిపోయేదాకా అలాగే చూసింది. మనోడు తనంతట తనే లేచాడు. అవ్వ చాలాసేపు తెర వంక చూసింది, నేను దొంగలా గుమ్మంలోనే నిలబడిపోయాను. మళ్ళీ కరెంటు పోయి వచ్చేసరికి నేను కుర్చీలో ఉన్నాను. అవ్వ గబగబా వచ్చి, “లే, లే, వాడొచ్చినాడు” అని నన్ను లేపి, నిటారుగా కూర్చుని బాణం నొక్కింది. నేను ఆ ప్రెస్సులో ఉన్న ఆరేళ్ళూ నొక్కుతూనే ఉంది.

ఇప్పుడు కరెంటు అలా పోవడం లేదు. మూత తీసేలోపే కంప్యూటర్లు తెరుచుకుంటున్నాయి, ముసలివాళ్ళకు శ్రమ లేకుండా అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి. మంచిదే. కాని నాకూ వయసు మీదపడుతోంది, ఖాళీగా కూర్చున్న పూట ఇల్లంతా ఒకసారి కలయజూస్తాను. నా వేలు కోసం ముప్పై సెకన్లు ఆగే వస్తువు ఈ ఇంట్లో ఒక్కటీ లేదు.